పంట తీసిన కొబ్బరి పొట్టుకూ బేరం

(మా వాణిజ్య విలేఖరి)

కోనసీమ పీచు మిల్లుల వెనుక కొండల్లా పేరుకున్న కొబ్బరి పొట్టును ఒకప్పుడు అడిగే నాథుడు లేడు. పీచు తీసుకుని పొట్టును కాలువ గట్ల మీద, రోడ్ల వారన పోసేవారు. వాన పడితే అందులోంచి దిగే ఎర్రనీరు పొలాల్లోకి పోతున్నదని తగాదాలు వచ్చేవి. డొక్క బరువులో పీచు నూటికి ముప్పై పాళ్లయితే మిగిలిన డెబ్బై పాళ్లు దాదాపు పొట్టే. అంటే టన్ను పీచు తీసిన మిల్లుకు రెండు టన్నులకు పైగా తలనొప్పి మిగిలేది.

ఆ తలనొప్పే ఇప్పుడు సరకయింది. కాయిర్ బోర్డు లెక్కల ప్రకారం 2019-20లో దేశం నుంచి 2,757.90 కోట్ల రూపాయల విలువగల కొబ్బరి పీచు ఉత్పత్తులు ఎగుమతి కాగా, అందులో పొట్టు ఒక్కటే 1,349.63 కోట్లు. నూటికి 49 పాళ్లన్నమాట. తివాచీలు, పట్టలు, తాళ్లు, పరుపు పీచు అన్నీ కలిసి మిగతా సగం. మరుసటి సంవత్సరం 2020-21లో మొత్తం ఎగుమతులు 3,778.98 కోట్లకు పెరిగాయి. సరకులో దాదాపు అంతా తూత్తుకుడి, కొచ్చిన్, చెన్నై రేవుల గుండా పోతున్నది కనుక కోనసీమ, ఉద్దానం మిల్లులకు రవాణా ఖర్చు ఒక ప్రతికూలమే. అయినా పొట్టు లేకపోతే పీచు మిల్లు లెక్క కుదరని రోజులు వచ్చాయి.

ఇంతవరకు అంబాజీపేట వర్తకులకు కొత్త సంగతి ఏమీ లేదు. అయితే మనం పంపిన పొట్టు విదేశాల గ్రీన్‌హౌసుల్లో ఒక పంట ఇచ్చిన తరువాత ఎక్కడికి పోతున్నదన్నది ఇక్కడ ఎక్కువగా చర్చకు రాలేదు. ఒకే పొట్టును ఎన్ని పంటలకు వాడవచ్చు, వాడేసిన తరువాత దాన్నేమి చేయాలి అన్న రెండు ప్రశ్నలూ ఇప్పుడు అక్కడి తోటదారుల కొనుగోలు లెక్కలో చేరాయి. రేపటి గిరాకీకి, నాణ్యత షరతులకు మూలం ఇక్కడే ఉన్నది కాబట్టి ఈ సంగతిని కొంచెం వివరంగా చూడడం అవసరం.

ఎకరానికి ఎంత సరకు?

మట్టి లేని సేద్యంలో టమాటా, కీరా, క్యాప్సికం, స్ట్రాబెర్రీ మొక్కలను ప్లాస్టిక్ తొడుగు వేసిన పొడవాటి సంచుల్లో నాటి, ఎరువు కలిపిన నీటిని డ్రిప్పు ద్వారా బొట్లుబొట్లుగా ఇస్తారు. సంచిలోని పదార్థం మొక్కకు తిండి పెట్టదు. వేరును నిలబెట్టి నీటిని, గాలిని పట్టి ఉంచడమే దాని పని. హాలండులో ఈ స్థానం చాలాకాలంగా రాతి ఉన్నిది. స్పెయిన్లో పెర్లైటుది, పొట్టుది. కొరియా కూడా మన పొట్టుకు మంచి ఖాతాదారు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఎకరం 4,047 చదరపు మీటర్లు. వరుసకూ వరుసకూ 1.6 మీటర్ల ఎడం ఉంటే మొత్తం వరుసల పొడవు 2,530 మీటర్లు వస్తుంది. మీటరు పొడవు సంచులను సందు లేకుండా పరిస్తే 2,530 సంచులు. తడిపినప్పుడు 20 లీటర్లకు ఉబ్బే సంచిలో ఎండు పొట్టు ఒకటిన్నర కిలోలనుకుంటే ఎకరానికి 3.8 టన్నులు. నలభై అడుగుల కంటెయినరులో సుమారు 24 టన్నులు పడుతుంది గనుక ఒక కంటెయినరు ఆరు ఎకరాల పైచిలుకుకు సరిపోతుంది.

ఇది ఏటా సంచులు మార్చే తోటదారు లెక్క. అదే సంచిని అతను రెండేళ్లు వాడితే ఎకరానికి ఏటా కావలసినది 1.9 టన్నులే. మూడేళ్లు వాడితే 1.27 టన్నులు. ఆరెకరాలకు వచ్చిన కంటెయినరు పంతొమ్మిది ఎకరాలకు సరిపోతుంది. పొట్టు సంచిని ఒక్క పంటతో పారేయకుండా రెండు మూడేళ్లు నడపడం అక్కడ వింతేమీ కాదు. బీకాం చదివినవారికి తరుగుదల పద్దు గుర్తుకు వస్తుంది. ఏటా ఖర్చు రాసే వస్తువును మూడేళ్ల ఆస్తిగా రాసుకోవడమే ఇది. కొనేవాడికి లాభం, అమ్మేవాడికి దిగులు.

ఈ దిగులు సగమే నిజమని మా అభిప్రాయం. మిగతా సగం తెలియాలంటే పోటీ సరకు సంగతి చూడాలి.

రాతి ఉన్ని గట్టితనమే దాని బరువు

రాతి ఉన్నిని సేద్యానికి వాడడం 1969లో డెన్మార్కులో మొదలయింది. అగ్నిశిలను సుమారు 1,500 డిగ్రీల వేడిలో కరిగించి, పంచదార పీచు మిఠాయిలా దారాలు లాగి, దిమ్మలుగా కోస్తారు. మట్టిలోని తెగుళ్లను మిథైల్ బ్రోమైడ్ పొగతో చంపే పద్ధతిపై ఆంక్షలు వచ్చేసరికి హాలండు తోటదారులు మట్టినే వదిలి దీనివైపు మళ్లారు. రోగం ఉండదు, ఉప్పు ఉండదు, ప్రతి దిమ్మ ఒకే తీరు. నాణ్యతలో పొట్టు ఇప్పటికీ అందుకోలేని గుణం ఆ చివరిదే.

కాని అది కుళ్లదు. పై లెక్క ప్రకారం 15 లీటర్ల దిమ్మలు ఎకరానికి 2,530 అంటే 38 ఘనపు మీటర్ల చెత్త. మొదటి రోజుల్లో అక్కడి తోటదారులు పంట తీసిన దిమ్మలను ఆవిరి పట్టి రెండు మూడేళ్లు వాడేవారు. కూలీ ఖర్చు, ఇంధనం ఖర్చు పెరిగాక, కొత్త దిమ్మ మీద వచ్చే అదనపు దిగుబడి లెక్క చూసుకున్నాక ఏటా కొత్తవి వేయడమే చాలామందికి లాభసాటి అనిపించింది. పాతవాటిని తయారీదార్లే సేకరించి, ప్లాస్టిక్ వేరుచేసి, ఇటుకల తయారీకి ముడిసరకుగా ఇచ్చే ఏర్పాటు హాలండులో ఉన్నది. ఇటుక బట్టీ దగ్గరలో లేని దేశాల తోటదారులకు మాత్రం ఆ సౌకర్యం లేదు.

పొట్టు గెలిచేది ఈ చోటనే. పని అయిపోయిన పొట్టును పొలంలో చల్లవచ్చు, కంపోస్టు చేయవచ్చు, కుండీ మట్టిలో కలపవచ్చు. బ్రిటన్లో స్ట్రాబెర్రీ సంచుల పాత పొట్టును ఇళ్లలో పూలమొక్కలు పెంచేవారికి అమ్మే మిశ్రమాలలో కలుపుతున్నారు. చిత్తడి నేలల నుంచి తవ్వి తీసే పీట్ మట్టిపై అక్కడ వ్యతిరేకత పెరగడం ఇందుకు కారణం. ఇంటి తోటలకు పీట్ అమ్మకాన్ని 2024 నాటికి నిషేధిస్తామని ఇంగ్లండు ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించింది. ఆ గడువు చట్టం కాకుండానే దాటిపోయింది గాని, పెద్ద దుకాణాలు, మిశ్రమాల తయారీదార్లు అప్పటికే పీట్ తగ్గించే దారి పట్టారు. పీట్ తగ్గినచోట కొత్త పొట్టుకు గిరాకీ ఉంటుంది. అదే చోట పాత పొట్టు కొత్తదానికి పోటీ కూడా వస్తుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ తూగుతుందో ఏటికేడు చూసుకోవలసినదే. పీట్ విడిచిన చోటు చాలా పెద్దది కనుక ఇప్పటికి మొదటిదే బరువని మా లెక్క.

పాత సంచి ఎందుకు కొన్నిసార్లు మేలు?

ఇక్కడ మిల్లుదార్లు శ్రద్ధగా గమనించవలసిన విషయం ఒకటున్నది. పొట్టును రెండో ఏడు వాడుకోవచ్చునా లేదా అన్నది చాలావరకు మన కళ్లాల్లోనే నిర్ణయమవుతుంది.

కొబ్బరి పొట్టుకు సహజంగా పొటాషియం, సోడియం పట్టి ఉంటాయి. సముద్ర తీరపు తోటల డొక్క, ఉప్పుటేరు పక్కన తడిపిన డొక్క అయితే మరీ ఎక్కువ. మంచినీటితో రెండు మూడు దఫాలు కడిగితే నీటిలో కరిగి ఉన్న ఉప్పు పోయి, ఇ.సి. మీటరు ముల్లు 0.5కు దిగువకు వస్తుంది. సాధారణంగా బేరం అక్కడితో ఆగుతున్నది. ‘లో ఇ.సి.’ అని మచ్చు సంచి మీద రాసి పంపుతున్నారు.

మీటరు చూపేది నీటిలో ఉన్న ఉప్పునే. పొట్టు రేణువులను అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం ఉత్త నీటికి ఊడిరావు. తోటదారు ఎరువు నీటిలో కాల్షియం ఇవ్వగానే పొట్టు ఆ కాల్షియంను తాను పట్టుకుని, సోడియం, పొటాషియంలను మొక్క వేరు మీదికి వదులుతుంది. ఫలితంగా మొదటి వారాలలో మొక్కకు కాల్షియం చాలదు. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. మచ్చు బాగానే ఉన్నది, ఇ.సి. బాగానే ఉన్నది, సరకు మాత్రం బాగాలేదని ఫిర్యాదు వస్తుంది. ఇలాంటి తగాదాలో మిల్లుదారు అబద్ధమాడలేదు, కొన్నవాడూ అబద్ధమాడలేదు. కొలవవలసినది కొలవలేదు, అంతే.

దీనికి విరుగుడు కాల్షియం నైట్రేటు ద్రావణంలో పొట్టును నానబెట్టి, తిరిగి కడగడం. బజారులో దీన్నే ‘బఫర్డ్’ సరకు అంటున్నారు. దీనికి తొట్లు కావాలి, మందు ఖర్చు, రెండింతల మంచినీరు, కడిగిన నీరు పోవడానికి దారి కావాలి. ఆ నీటిని ఊరి కాలువలోకి వదిలితే పాత ఎర్రనీటి తగాదా మళ్లీ మొదటికి వస్తుంది.

కడిగిందే గాని కాల్షియం పట్టని కొత్త పొట్టుకన్నా, ఒక ఏడాది పంట తీసిన పాత పొట్టు రసాయనికంగా మెరుగ్గా ఉంటుందంటే ఆశ్చర్యమేమీ లేదు. ఏడాదిపాటు తోటదారు ఇచ్చిన ఎరువు నీరే ఆ పని చేసిపెట్టింది మరి. రెండో ఏడు పంటకు ఆ బాధ ఉండదు. అక్కడివారు పాత సంచిని తీసేయకుండా ఉంచుకోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదన్న సంగతి మనవారు పట్టించుకోవాలి. పాత సంచి చేసే పనిని మొదటి రోజు నుంచే చేసే సరకు ఇవ్వగలిగితేనే కొత్త సంచి అమ్ముడవుతుంది.

ఇంకొక కారణం కూడా తోడయింది. హాలండు గ్రీన్‌హౌసులు బయటికి వదిలే ఎరువు నీటిని 2027 నాటికి దాదాపు సున్నాకు తేవాలన్నది అక్కడి లక్ష్యం. అంటే సంచి నుంచి కారిన నీటిని పట్టి, శుద్ధిచేసి, మళ్లీ మొక్కకే ఇవ్వాలి. మొక్క సోడియంను పెద్దగా తీసుకోదు కనుక అది తిరిగే నీటిలో పేరుకుంటూ పోతుంది. కనుక సోడియం విషయంలో రాజీ ఉండదు.

పాత సంచి ఎక్కడ ఓడుతుంది?

రసాయనం బాగున్నా పొట్టు నలుగుతుంది. నెలల తరబడి తడిలో ఉండి, వేళ్లు చొచ్చుకుపోయి, రేణువులు చిన్నవై, సంచి కుంగుతుంది. గాలి నిలిచే సందులు పూడుకుపోయి నీరు ఎక్కువ నిలుస్తుంది. అందుకే రెండు మూడేళ్ల వాడకానికి ఉద్దేశించిన సంచిలో ఉత్త పొట్టు కాక, డొక్కను ముక్కలుగా కోసిన చిప్స్, పొట్టి పీచు కలుపుతున్నారు. పీచు జల్లించి పారబోసే మిల్లులు ఈ సంగతి గమనించాలి. మెత్తని పొడి ఒక్కదానికే ధర ఉంటుందన్న రోజులు కావివి.

రెండవది తెగులు. పిథియం, ఫ్యుసేరియం వంటి శిలీంధ్రాలు పాత వేళ్లలో దాగి ఉంటాయి. ఆవిరితో పొట్టును 70 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలావరకు చస్తాయి గాని, మొండి వైరసులకు ఆ వేడి చాలదు. ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో 2014-15లో బయటపడి, 2019లో హాలండు చేరిన టమాటో బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ ఇటువంటిదే. ఎండిన ఆకు ముక్కలోనూ నెలల తరబడి బతికే ఆ వైరస్ పట్టిన తోటలో పాత సంచి ఉంచుకునే సాహసం చేయరు. ఆ విధంగా తోటదారు కష్టం కొత్త సంచికి గిరాకీ అవుతున్నది. చెప్పుకోవడానికి బాగుండదు గాని బజారు తీరు అంతే.

యూరపు కూటమిలో ఎరువులకు, మొక్కలు పెంచే మాధ్యమాలకు కలిపి చేసిన 2019/1009 నిబంధన 2022 జూలై 16 నుంచి అమలుకు వచ్చింది. సి.ఇ. ముద్రతో అమ్మదలచిన సరకుకు అందులో ఏమేమి కలిశాయో, భార లోహాలు, రోగకారక క్రిములు ఎంత ఉన్నాయో కాగితం మీద చూపవలసి ఉంటుంది. ఏ మిల్లు పొట్టు, ఏ నీటితో కడిగినది అన్న ఖాతా లాటువారీగా ఉంచుకోని ఎగుమతిదారుకు ఇది ఇబ్బంది.

మన ఊళ్లలో పాత పొట్టు

ఈ వ్యవహారం పరదేశాలకే పరిమితం కాదు. కడియం నర్సరీలు, గుంటూరు వైపు మిరప నారు పెంచే షేడ్‌నెట్లు, హైదరాబాదు చుట్టుపక్కల జెర్బెరా పాలీహౌసులు మంచి వాడకందార్లే. నారు ట్రేలో పెట్టిన పొట్టు మొక్కతోపాటే పొలానికి పోతుంది కాబట్టి అక్కడ మిగిలేది తక్కువ. జెర్బెరా తోట సంగతి వేరు. రెండు మూడేళ్లు పూలు కోసి మొక్కలు పీకేశాక కుండీల్లో, బెడ్లలో టన్నులకొద్దీ పాత పొట్టు మిగులుతుంది. దానిని లారీలెక్కకు అడిగేవారు బయలుదేరారు.

ఈ పాత సరకు బేరంలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి నులిపురుగులు. పాలీహౌసు పంటలకు ఇది పెద్ద బెడద. పురుగు పట్టిన పొట్టును నారుమళ్లకు అమ్మితే ఒక్క లారీ సరకు పది ఊళ్లకు రోగం పంచుతుంది. రెండవది ఉప్పు. ఎరువు నీరు తాగి తాగి ఉన్న పొట్టు ఇ.సి. ఎంత ఉంటుందో కంటితో చెప్పలేరు. కొత్త పొట్టుతో కలిపి, ఎండబెట్టి, దిమ్మకొట్టి కొత్తదిగా చలామణి చేస్తే మచ్చులో దొరక్కపోవచ్చు గాని మొక్క దగ్గర దొరుకుతుంది. అది ఒక్క వర్తకుడి పేరుతో ఆగదు, కోనసీమ సరకు పేరే పోతుంది.

నిజాయితీగా చేస్తే మాత్రం పాత పొట్టుకు చోటున్నది. వేళ్లు, దారాలు, క్లిప్పులు, ప్లాస్టిక్ ముక్కలు జల్లెడ పట్టి తీసి, మంచినీటితో కడిగి, ఏప్రిల్, మే ఎండల్లో తడి పొట్టుపై పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే నులిపురుగులు, శిలీంధ్రాలు బాగా తగ్గుతాయి. కూలీ, షీటు తప్ప వేరే పెద్ద ఖర్చు లేదు. ఇంధనం పోసి ఆవిరి పట్టే హాలండువాడికి మన రోహిణీ కార్తె ఎండ లేదు పాపం. అలా చేసిన పొట్టును తిరిగి పూల పంటకే వాడవచ్చు. మేడల మీద తోటలకు, రోడ్ల మధ్య మొక్కలకు మట్టిలో కలిపి అమ్మవచ్చు. నారుమడికి మాత్రం పరీక్ష కాగితం లేకుండా అమ్మరాదు, కొనరాదు.

అదీ కుదరనిది కంపోస్టుకు పోవాలి. కొత్త పొట్టులో కర్బనం, నత్రజని నిష్పత్తి 112కు 1గా ఉంటుంది కనుక నేరుగా పొలంలో వేస్తే పైరుకు అందవలసిన నత్రజనిని అదే తినేస్తుంది. టన్నుకు 5 కిలోల యూరియా, ప్లూరోటస్ జాతి పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి కుళ్లబెట్టే పద్ధతిలో ఈ నిష్పత్తి 24కు 1కి దిగుతుంది. ఆ విత్తనాన్ని కాయిర్ బోర్డు ‘పిత్ ప్లస్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. పంట తీసిన పొట్టుకు అప్పటికే ఎరువు పట్టి, కొంత చివికి ఉంటుంది కనుక ఇంకా సులువుగా కుళ్లుతుంది. తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీరు పట్టే గుణం మెట్ట రైతుకు ఉపయోగమే.

బేరగాళ్లు చూసుకోవలసినవి

ఒప్పంద పత్రంలో తేమ, ఇ.సి., ఇసుక శాతం రాయడం వాడుక. ఇకమీదట పొట్టు కాల్షియం పట్టినదా, కానిదా అన్నది, సోడియం, పొటాషియంలు ఎంత అన్నది, చిప్స్ ఏపాటి కలిశాయన్నది, సంచి ఎన్ని పంటలకు ఉద్దేశించినదన్నది విడిగా రాసుకోవడం ఇరుపక్షాలకు క్షేమం. ఒక్క ఏటికి తయారుచేసిన చవక సంచిని మూడేళ్ల వాడకందారుకు అమ్మితే తగాదా తప్పదు. తొట్లు, కళ్లం, మంచినీటి వసతి లేని చిన్న మిల్లు స్వయంగా సంచులు తయారుచేయబోవడంకంటే, జల్లించిన పొట్టును, చిప్స్‌ను విడివిడిగా శుభ్రంగా పెద్ద యూనిట్లకు ఇవ్వడమే ప్రస్తుతానికి మేలనిపిస్తున్నది.

హాలండు టమాటా తోటలు నవంబరులో పాత పంట తీసి, డిసెంబరు ప్రాంతంలో కొత్త మొక్క నాటుతాయి. సంచులు అంతకుముందే గట్టు చేరాలి. ఎర్రసముద్రంలో దాడుల మూలంగా 2023 చివరినుంచి ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి వెళ్లినప్పుడు ప్రయాణానికి పది నుంచి పద్నాలుగు రోజులు అదనంగా పట్టింది. అటువంటి జాప్యానికి చోటిచ్చి చూస్తే సరకు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే రేవు దాటాలి. నైరుతి వానల్లో కళ్లం మీద పొట్టు ఎండదు. కాబట్టి ఆ ఎగుమతికి కావలసిన పొట్టును కడిగి, కాల్షియం పట్టించి, ఎండబెట్టే పని జూన్ మొదటి వారంలోగా ముగించి గోదాములో పెట్టుకున్నవారే ఆ బేరాలకు అర్హులు. కళ్లం పని ఫిబ్రవరిలో మొదలుపెడితే నాలుగు నెలల ఎండ దొరుకుతుంది.